కారు కుదుపులు: సస్పెన్షన్‌లో ఏవి మార్చాలి, ఏవి అక్కర్లేదు?

ఈ రోజు కారు సస్పెన్షన్ గురించి మాట్లాడుకుందాం. ఇంజిన్ గురించి, మైలేజీ గురించి, సన్‌రూఫ్ గురించి మనం గంటలు గంటలు మాట్లాడతాం. సస్పెన్షన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "షాకులు పోయాయంట, మార్పించాలంట" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. ఆ ఒక్క మాటకి ఒక్కోసారి నలభై వేల బిల్లు చేతిలో పెడతారు.

మీలో చాలామంది సెకండ్ హ్యాండ్ కారు కొని ఉంటారు. లేదా నాన్న పదేళ్లు వాడిన కారు ఇప్పుడు మీ చేతికి వచ్చి ఉంటుంది. ఇంజిన్ బాగానే ఉంది, ఏసీ బాగానే ఉంది. కానీ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే దడ్ మంటుంది. చిన్న గతుకుకి కూడా కింద ఎక్కడో టకటకా కొట్టుకుంటుంది. వెనక సీట్లో అమ్మ "ఒరేయ్, నెమ్మదిగా పోనీరా, నడుం విరిగేట్టుంది" అంటుంది. మీరు పోయేదే ఇరవై స్పీడులో. ఇంకెంత నెమ్మదిగా పోతారు?

ఇలాంటి కారుని మళ్లీ మెత్తగా చెయ్యొచ్చు. దానికి కొత్తగా ఏదో తెచ్చి బిగించక్కర్లేదు. అరిగిపోయింది ఏదో పట్టుకుని, కంపెనీ వాడు మొదట ఏది పెట్టాడో అదే రకం మళ్లీ పెడితే చాలు. ఈ ఎపిసోడ్‌లో చెప్పేదంతా దీని గురించే. ఏది అరిగిందో ఇంటి ముందే ఎలా చూసుకోవాలి, ఏవి జతగా మార్చాలి, గ్యారేజ్‌లో ఏమని అడగాలి. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు అసలు అది ఎలా పని చేస్తుంది?

ఎడ్లబండి ఎక్కారా ఎప్పుడైనా? పాతకాలం కొయ్య చక్రాల బండికి స్ప్రింగులు ఉండవు. చక్రం రాయి మీద నాలుగు అంగుళాలు లేస్తే, మీరూ నాలుగు అంగుళాలు లేస్తారు. కారులో అలా కాకుండా చక్రానికీ బాడీకీ మధ్య స్ప్రింగ్ పెట్టారు. చక్రం లేచినప్పుడు స్ప్రింగ్ నొక్కుకుంటుంది, బాడీ పెద్దగా కదలదు. బొలెరో లాంటి బళ్లలో వెనకాల కమాన్ పట్టీలు ఉంటాయి కదా, అవీ స్ప్రింగులే. ఆకారం వేరు, పని ఒకటే.

అయితే స్ప్రింగ్‌కి ఒక జబ్బు ఉంది. నొక్కి వదిలితే ఒక్కసారితో ఆగదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడుని ఆపేదే షాకబ్జర్. పేరు చూస్తే దెబ్బని అది తీసుకుంటుంది అనిపిస్తుంది. నిజానికి దెబ్బని తీసుకునేది స్ప్రింగ్. ఆ తర్వాత వచ్చే ఊగుడుని అణిచేది షాకబ్జర్.

దాని లోపల ఆయిల్ ఉంటుంది, ఆయిల్‌లో ఒక పిస్టన్, ఆ పిస్టన్‌కి సన్నటి రంధ్రాలు, వాల్వులు. ఇంజెక్షన్ సిరంజిలో నీళ్లు నింపి నొక్కి చూడండి. నెమ్మదిగా నొక్కితే సులువుగా పోతుంది. గట్టిగా, వేగంగా నొక్కితే ఎదురు తిరుగుతుంది. షాకబ్జర్ పని చేసేది ఇదే సూత్రం మీద. చక్రం ఎంత వేగంగా కదిలితే అది అంత గట్టిగా ఆపుతుంది. ఆ ఊపులో ఉన్న శక్తంతా ఆయిల్‌లో వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద చాలాసేపు తిరిగి వచ్చాక షాకబ్జర్ వెచ్చగా ఉండేది అందుకే.

ఇక మూడోది, ఎవరూ పట్టించుకోనిది, రబ్బరు. సస్పెన్షన్‌లో ఇనుము ఇనుముతో కలిసే చాలా చోట్ల మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది. లోయర్ ఆర్మ్ బాడీకి కలిసే చోట బుష్. స్ట్రట్ పై చివర, బానెట్ కింద బాడీకి బిగించే చోట స్ట్రట్ మౌంట్, అదీ రబ్బరే. చిన్న చిన్న అదురుళ్లు లోపలికి రాకుండా ఆపేవి ఈ రబ్బర్లే. వేడికి, వయసుకి ఇవి గట్టిపడతాయి, పగుళ్లు వస్తాయి, చివరికి చీలిపోతాయి.

మన చిన్న కార్లలో, అంటే స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ10 లాంటి వాటిలో ముందు వైపు ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజినీర్ 1940ల్లో తయారు చేసిన డిజైన్ అది. స్ప్రింగ్, షాకబ్జర్ రెండూ ఒకే కాలులా నిలబడి ఉంటాయి. చోటు తక్కువ, ఖర్చు తక్కువ, అందుకే ఇప్పటికీ వాడుతున్నారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, బిల్లు దగ్గర పనికొస్తుంది.

అమ్మ నడుం ఎందుకు నొప్పి పుడుతుంది?

మంచి స్థితిలో ఉన్న కారు బాడీ స్ప్రింగుల మీద సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేలా డిజైన్ చేస్తారు. అది దాదాపు మనం నడిచే లయ. మన ఒంటికి అలవాటైన ఊపు కాబట్టి ఇబ్బంది అనిపించదు. కూర్చున్న మనిషి ఒళ్లు ఎక్కువగా బాధపడేది సెకనుకి నాలుగు నుంచి ఎనిమిది సార్లు కింద నుంచి పైకి వచ్చే అదురుడికి. మనుషుల మీద అదురుడి ప్రభావాన్ని కొలిచే ఐఎస్ఓ 2631 ప్రమాణంలో కూడా నిలువు అదురుడికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చేది ఈ మధ్యలోనే. బుష్‌లు గట్టిపడినా, టైర్లో గాలి ఎక్కువున్నా, షాకబ్జర్ పట్టు తప్పినా ఇలాంటి అదురుళ్లే లోపలికి ఎక్కువ వస్తాయి. అందుకే పెద్ద గుంత ఒక్కటీ లేని రోడ్డు మీద కూడా రెండు గంటల ప్రయాణానికి నడుం పట్టేస్తుంది. పెద్దవాళ్లు "మీ కారులో నేను రాను" అంటే వంక పెడుతున్నారు అనుకోకండి. కింద ఒకసారి చూపించండి.

మరి నడిపేవాడికి ఎందుకు తెలియదు?

రోజూ చూసే పిల్లాడు పెరిగినట్టు ఇంట్లో వాళ్లకి తెలియదు. ఏడాదికోసారి వచ్చే మేనమామకి గుమ్మంలోనే తెలుస్తుంది. సస్పెన్షన్ కూడా ఇంతే. ఒక్క రోజులో పోదు. కిలోమీటరుకి షాకబ్జర్ వెయ్యి సార్లకి పైనే కదులుతుందని తయారు చేసే కంపెనీలు చెప్తుంటాయి. వేల కిలోమీటర్ల మీద కొంచెం కొంచెం అరుగుతుంది. మీరు తెలియకుండానే స్టీరింగ్ ఇంకొంచెం గట్టిగా పట్టుకోవడం, బ్రేక్ ఇంకొంచెం ముందు తొక్కడం అలవాటు చేసుకుంటారు. "పాత కారు కదా, ఇలాగే ఉంటుంది" అని సర్దుకుపోతారు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. షాకబ్జర్‌కి ఇంకో ఉద్యోగం ఉంది, టైరుని రోడ్డుకి అంటిపెట్టుకుని ఉంచడం. అది పోయిందంటే గతుకు తర్వాత చక్రం రోడ్డు మీద తేలికగా ఎగురుతూ పోతుంది. గాల్లో ఉన్న టైరుకి బ్రేక్ వేసి లాభం లేదు. ఏబీఎస్ ఉంది కదా అంటారేమో. ఏబీఎస్ పని చెయ్యాలన్నా టైరు రోడ్డుని పట్టుకోవాలి కదా. కాబట్టి అరిగిన షాకులతో గతుకుల మీద బ్రేక్ వేస్తే కారు ఆగే దూరం పెరుగుతుంది. వాన పడినప్పుడు హైవే మలుపులో కారు ఒక పక్కకి తూలుతుంది. కంఫర్ట్ పోయింది అని మీకు అనిపించే టైముకి ఈ పట్టు కూడా తగ్గడం మొదలైపోయి ఉంటుంది.

ఇంటి ముందు చేసుకునే పరీక్షలు

గ్యారేజ్‌కి పోయే ముందు ఒక అరగంట పెట్టండి. మీ ఫోన్, ఒక గాలి గేజ్, ఇంకో మనిషి ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త. కారుతో పాటు వచ్చే జాకీ మీద ఎత్తి కిందికి దూరొద్దు. ఆ జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. ఇప్పుడు చెప్పే వాటిలో దేనికీ కారు ఎత్తక్కర్లేదు.

మొదటిది గాలి. బంకులో కుర్రాడు "ఎంత పట్టమంటారు?" అంటే మనం "నలభై కొట్టెయ్ బాసూ, మైలేజీ వస్తుంది" అంటాం. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది. మీ కారుకి ఎంత గాలి ఉండాలో దాని మీద రాసి ఉంటుంది. పొద్దున్నే, కారు కదలక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. రోడ్డు మీద మొట్టమొదటి స్ప్రింగ్ టైరే. దాన్ని రాయిలా చేసి పెట్టి సస్పెన్షన్‌ని తిడితే ఎలా? చాలా కార్లలో సగం గొడవ ఇక్కడే తీరిపోతుంది, పైసా ఖర్చు లేకుండా.

రెండోది నొక్కి చూడటం. కారు ఒక్కో మూల చేతులతో బాగా కిందికి నొక్కి, ఒక్కసారిగా వదలండి. [వీడియోలో ముందు ఎడమ మూలని నొక్కి చూపించారు.] పైకి లేచి, సర్దుకుని ఆగిపోవాలి. రెండు మూడు సార్లు ఊగిందంటే ఆ మూల షాకబ్జర్ పోయినట్టే. అయితే ఇందులో పాసైతే అంతా బాగున్నట్టు అనుకోకండి. మన చేతి వేగం చాలా తక్కువ, సగం అరిగినది ఈ పరీక్షలో బయటపడదు.

మూడోది కళ్లతో చూడటం. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వెయ్యండి. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, టార్చ్ వెలిగించి, చక్రం వెనక నుంచి పై దాకా నెమ్మదిగా తిప్పండి. తర్వాత కూర్చుని ఆ వీడియోని ఆపి ఆపి చూడండి. షాకబ్జర్ ఒంటి మీద పల్చటి తడి, దుమ్ము ఉంటే పర్లేదు. ఆయిల్ చారలు కట్టి కారుతుంటే దాని పని అయిపోయింది. రాడ్ మీద ఉండే రబ్బరు తొడుగు చినిగిందా, లింక్ రాడ్ చివర్ల రబ్బరు చినిగిందా, లోయర్ ఆర్మ్ బుష్‌లో పగుళ్లు ఉన్నాయా, స్ప్రింగ్ కింది చుట్టు విరిగిందా, ఇవీ చూడాల్సినవి.

నాలుగోది టైరు మీద చెయ్యి. అరచేతితో టైరు చుట్టూ నిమరండి. ఒక చోట ఎత్తు, ఒక చోట గుంట, మళ్లీ ఎత్తు అన్నట్టు అలలు అలలుగా తగిలితే ఆ చక్రం ఎగురుతూ నడుస్తోందని అర్థం. లోపలి అంచో, బయటి అంచో ఒకటే అరిగితే అది అలైన్‌మెంట్ వైపు చూపిస్తుంది.

ఐదోది శబ్దం. పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డ్ చెయ్యమనండి. ఏ పని చేసినప్పుడు ఏ శబ్దం వచ్చిందో మాటల్లో కూడా చెప్పండి, అదీ రికార్డ్ అవుతుంది. నెమ్మదిగా చిన్న గతుకుల మీద పోతుంటే టకటకా కొట్టుకుంటే ముందు అనుమానం లింక్ రాడ్ మీద. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు కిర్రుమంటే బుష్‌ల మీద. కారు ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పితే బానెట్ కింద స్ప్రింగ్ టంగుమంటే స్ట్రట్ మౌంట్, దాని బేరింగ్ మీద. బ్రేక్ వేసినప్పుడు ముక్కు బాగా కిందికి వంగితే ముందు షాకబ్జర్ల మీద. ఇవన్నీ అనుమానాలే. ఏదన్నది తేల్చాల్సింది లిఫ్ట్ మీద ఎత్తి, కడ్డీ పెట్టి కదిపి చూసిన మెకానిక్.

నలభై వేల బిల్లు పదిహేను వేలు ఎలా అయింది?

మా బావ వాళ్లది 2015 స్విఫ్ట్, తొంభై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. గుంటూరు నుంచి విజయవాడ పోవాలంటే అత్తయ్య బస్సు ఎక్కుతానంటుంది కానీ ఆ కారు ఎక్కనంటుంది. ఒక గ్యారేజ్‌లో చూపిస్తే, కారు ఎత్తకుండానే, ఒక రౌండ్ నడిపి చూసి, "సస్పెన్షన్ మొత్తం అవుట్ సార్, నలభై వేలు అవుతుంది" అన్నారు. నాలుగు షాకులు, నాలుగు స్ప్రింగులు, ఆర్ములు, అన్నీ ఆ లిస్టులో ఉన్నాయి.

మేము ముందు ఇప్పుడు చెప్పిన పరీక్షలు చేశాం. గాలి స్టిక్కర్ మీద ఉన్నదానికంటే ఎనిమిది పాయింట్లు ఎక్కువ ఉంది. ముందు కుడి షాకబ్జర్ ఆయిల్ కారుతోంది. స్ప్రింగులు నాలుగూ బాగున్నాయి, కారు ఏ పక్కకీ కుంగలేదు. తర్వాత విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లి, లిఫ్ట్ ఎక్కించి, మా ఎదురుగానే కదిపి చూపించమన్నాం. లింక్ రాడ్లు రెండూ ఆడుతున్నాయి. స్ట్రట్ మౌంట్ల రబ్బరు పగిలింది. లోయర్ ఆర్ముల వెనక బుష్‌లు చీలిపోయాయి. వెనక షాకబ్జర్లు పొడిగా, గట్టిగా ఉన్నాయి.

మార్చినవి ఇవి. ముందు షాకబ్జర్లు జత నాలుగు వేల రెండొందలు. మౌంట్లు జత పదిహేనొందలు. బంప్ స్టాప్‌లు, తొడుగులు ఏడొందలు. లింక్ రాడ్లు జత పదకొండొందలు. లోయర్ ఆర్ములు, బుష్‌లూ బాల్ జాయింటూ కలిపి వచ్చేవి, జత మూడు వేల నాలుగొందలు. లేబర్ మూడున్నర వేలు, అలైన్‌మెంట్ ఐదొందలు. మొత్తం పద్నాలుగు వేల తొమ్మిదొందలు. మీ కారుకి, మీ ఊరికి ఈ రేట్లు వేరుగా ఉంటాయి. నేను చెప్పేది లెక్క వేసిన పద్ధతి గురించి. ఒక్కో పార్టుకీ "ఇది ఎందుకు?" అని అడిగితే ఎదురుగా చూపించగలిగిందే లిస్టులో మిగిలింది.

అలాగని "తక్కువ బిల్లే మంచి బిల్లు" అని కూడా అనుకోకండి. మీ కారుకి వెనకవి కూడా పోయి ఉండొచ్చు, అప్పుడు మార్చాల్సిందే.

ఏవి జతగా మార్చాలి?

షాకబ్జర్ ఎప్పుడూ ఒక్కటి మార్చొద్దు. ముందు కుడిది పోతే ముందు ఎడమది కూడా మార్చాలి. ఒక పక్క కొత్తది గట్టిగా, ఒక పక్క పాతది వదులుగా ఉంటే బ్రేక్ వేసినప్పుడు, మలుపులో కారు రెండు పక్కలా ఒకేలా ప్రవర్తించదు. ముందు రెండూ ఒక జత, వెనక రెండూ ఒక జత. నాలుగూ ఒకేసారి మార్చాలన్న రూల్ లేదు.

మాక్‌ఫర్సన్ స్ట్రట్ గుర్తు పెట్టుకోమన్నా కదా. దాంట్లో షాకబ్జర్ మార్చాలంటే స్ప్రింగ్‌ని నొక్కి పట్టి మొత్తం విప్పాలి. అంటే మౌంట్, బేరింగ్, బంప్ స్టాప్, తొడుగు అన్నీ ఎలాగూ చేతికి వస్తాయి. అరిగినట్టు ఉంటే అప్పుడే మార్చెయ్యండి. ఆరు నెలలకి మౌంట్ పోతే అదే లేబర్ మళ్లీ కట్టాలి.

ఇంకో మాట, ఇది సీరియస్‌గా చెప్తున్నా. యూట్యూబ్ చూసి స్ట్రట్ ఇంట్లో విప్పడానికి ట్రై చెయ్యొద్దు. నొక్కి పెట్టిన ఆ స్ప్రింగ్‌లో ఉన్న బలం జారితే చెయ్యి, మొహం దక్కవు. దానికి సరైన కంప్రెసర్ టూల్, అనుభవం ఉన్న మనిషి కావాలి.

స్ప్రింగులు మాత్రం సాధారణంగా చాలా కాలం వస్తాయి. చుట్టు విరిగితేనో, కారు ఒక మూల కుంగి కనిపిస్తేనో తప్ప ఊరికే మార్చక్కర్లేదు. మారిస్తే అవీ జతగానే.

గ్యారేజ్‌లో అడగాల్సినవి

ఒకటి, "లిఫ్ట్ మీద ఎత్తి, ఏది ఆడుతోందో నాకు చూపించండి." మంచి మెకానిక్ దీనికి చిరాకు పడడు, ఇంకా ఇష్టంగా చూపిస్తాడు.

రెండు, "పార్టు ఏ కంపెనీది?" కారు కంపెనీ డబ్బాలో వచ్చేవి సరే. గాబ్రియేల్, మన్రో, కేవైబీ లాంటి పేరున్న షాకబ్జర్ల కంపెనీల నుంచి మీ మోడల్‌కి సరిగ్గా సరిపోయేది దొరికితే అదీ మంచిదే. డబ్బా మీద పార్ట్ నంబర్, ఎమ్మార్పీ ఉంటాయి, ఫోటో తీసుకోండి. బిల్లు అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 18 శాతమే. బిల్లులో 28 అని కనిపిస్తే ఆగి అడగండి.

మూడు, "పాత పార్టులు నాకు ఇచ్చెయ్యండి." ఇంటికి తీసుకెళ్లి ఏం చేస్తారని కాదు. మార్చారని తెలుస్తుంది.

నాలుగు, ఇది చాలామంది అడగనిది. "లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు ఫైనల్ టైట్ చేస్తారా?" కారు గాల్లో వేలాడుతున్నప్పుడే పూర్తిగా బిగించేస్తే, కిందికి దించగానే బుష్‌లో రబ్బరు మెలి తిరిగి ఉండిపోతుంది. ఎప్పుడూ మెలికలో ఉన్న రబ్బరు తొందరగా చీలుతుంది, కారు కూడా కొంచెం గట్టిగా అనిపిస్తుంది. కొత్త బుష్‌లు వేశాక కొన్నాళ్లకే మళ్లీ పోయాయి అనే ఫిర్యాదులో చూడాల్సిన కారణాల్లో ఇదొకటి.

ఐదు, అలైన్‌మెంట్. ముందు స్ట్రట్, ఆర్మ్ విప్పి బిగిస్తే చక్రాల కోణం మారుతుంది. అలైన్‌మెంట్ చేయించకుండా తిరిగితే టైర్లు తినేస్తాయి. పాత రీడింగ్, కొత్త రీడింగ్ ఉన్న ప్రింటు తీసుకోండి.

మెత్తగా అవుతుందని చెప్పి అమ్మేవి

స్ప్రింగ్ చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు ఆన్‌లైన్‌లో బోలెడు కనిపిస్తాయి. "కుదుపులు మాయం, కారు ఎత్తు పెరుగుతుంది" అని రాస్తారు. ఆలోచించండి. చుట్ల మధ్య ఏదో ఇరికిస్తే ఆ చుట్లు నొక్కుకోలేవు. స్ప్రింగ్ గట్టిపడుతుంది. గట్టి స్ప్రింగ్ ఎక్కడైనా మెత్తగా ఉంటుందా? నిండా లోడ్ వేసినప్పుడు కింద తగలడం తగ్గొచ్చు, కానీ అరిగిన షాకబ్జర్‌కి ఇంకా గట్టి స్ప్రింగ్ తోడైతే దాన్ని ఆపడం షాకబ్జర్‌కి ఇంకా కష్టం.

రెండోది రీకండిషన్ షాకులు. పాతదాన్ని కోసి, ఆయిల్ మార్చి, సీల్ వేసి, పెయింట్ కొట్టి ఇస్తారు. లోపల వాల్వులు అరిగే ఉంటాయి, రాడ్ మీద గీతలు ఉంటే కొత్త సీల్ కూడా మళ్లీ కారుతుంది, పోసిన ఆయిల్ ఏ చిక్కదనమో తెలియదు. మొదటి వారం గట్టిగా అనిపించి మోసం చేస్తుంది.

మూడోది పెద్ద అల్లాయ్ చక్రాలు. 165/80 ఆర్14 టైరు పక్క గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. 185/65 ఆర్15 అయితే 120. అందం కోసం 195/50 ఆర్16 వేస్తే 97 దగ్గరికి వచ్చేస్తుంది. అంటే గతుకుని తీసుకునే మెత్తటి రబ్బరు, గాలి మూడున్నర సెంటీమీటర్లు తగ్గిపోయింది. కొత్త షాకబ్జర్లు వేసినా అది తిరిగి రాదు. మీరు కొన్న సెకండ్ హ్యాండ్ కారుకి ముందు ఓనర్ ఇలాంటివి వేసి ఉంటే, మొదట అనుమానించాల్సింది వాటినే.

మార్చాక, నడిపే పద్ధతి

కొత్తవి వేశాక మొదటి వారం చెవి పెట్టి వినండి. కొత్త శబ్దం వస్తే వెంటనే వెళ్లి బోల్టులు చెక్ చేయించండి. సర్దుకుంటుందిలే అని వదిలెయ్యొద్దు.

ఇక మన స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 99 లెక్క ప్రకారం పాతిక కిలోమీటర్ల వేగంతో దాటే గుండ్రటి హంప్ అయితే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అంటే ఒక చిన్న కారు పొడవంత వెడల్పు! మన వీధుల్లో ఎవరింటి ముందు వాళ్లు సిమెంటు పోసి కట్టిన దిమ్మ ఎంత వెడల్పు ఉంటుందో మీకు తెలుసు. కాబట్టి దాని మీద పాతికలో పోతే తప్పు కారుది కాదు.

బ్రేక్ తొక్కితే ముక్కు వంగి, ముందు స్ప్రింగులు అప్పటికే సగం నొక్కుకుని ఉంటాయి. అదే స్థితిలో దిమ్మ ఎక్కితే నొక్కుకోవడానికి ఇంక చోటు మిగలదు, దడ్ మంటుంది. అందుకే బ్రేక్ ముందే వేసి, వేగం తగ్గించి, చక్రం దిమ్మని తాకే ముందు బ్రేక్ వదిలెయ్యండి. గుంత తప్పించలేకపోయినా ఇదే పద్ధతి. డబ్బు ఖర్చు లేని ఈ ఒక్క అలవాటుతో సస్పెన్షన్ ఆయుష్షు పెరుగుతుంది.

ఎనభై వేల కిలోమీటర్లు దాటిన కారైతే ఒకసారి లిఫ్ట్ మీద చూపించండి. అంతకు ముందే ఆయిల్ కారినా, శబ్దం వచ్చినా ఆ నంబర్ కోసం ఆగొద్దు. రోజూ గుంతల రోడ్డు మీద తిరిగే కారుకి, హైవే మీద తిరిగే కారుకి ఒకే లెక్క పనికిరాదు.

ఈ ఆదివారం పొద్దున్నే ఒక పని చెయ్యండి. డోర్ స్టిక్కర్ చూసి గాలి సరి చేసుకోండి, చక్రాల వెనక ఫోన్ వీడియో తియ్యండి. అవి రెండూ చేతిలో పెట్టుకుని గ్యారేజ్‌కి వెళ్లండి. "షాకులు పోయాయంట" అని వెళ్లేవాడికి ఒక బిల్లు వస్తుంది. "ముందు కుడి పక్క ఆయిల్ కారుతోంది, లింక్ రాడ్ కూడా చూడండి" అని వెళ్లేవాడికి ఇంకో బిల్లు వస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో టైర్ల గురించి, పక్క మీద రాసి ఉండే ఆ నంబర్లు ఎలా చదవాలో చెప్తాను. అప్పటి దాకా జాగ్రత్తగా నడపండి. నమస్తే.